చేప దగ్గరే ఆగిపోవద్దు

(పాలకొల్లు దగ్గర ఒక చర్చిలో సండే స్కూలు టీచర్ల కూటంలో చేసిన ప్రసంగం. రికార్డు విని రాసింది.)

అందరికీ వందనాలండి. పాస్టరు గారికీ, అమ్మగారికీ, సంఘ పెద్దలకీ, ముఖ్యంగా చిన్నపిల్లల క్లాసులు చెప్పే చెల్లెళ్ళకీ తమ్ముళ్ళకీ వందనాలు. నాట్లు పడుతున్న రోజుల్లో పని మానుకుని ఇంతమంది వచ్చారు. నాకు చాలా సంతోషంగా ఉంది.

కూటం మొదలవకముందే నా చేతికి ఒక చీటీ ఇచ్చారు. అందులో ఏముందంటే, "యోనా నిజంగానే చేప కడుపులో మూడు రోజులు ఉన్నాడా టీచర్ అని పిల్లలు అడుగుతున్నారు. ఉన్నాడంటే హైస్కూలు పిల్లలు నవ్వుతున్నారు. అదొక కథ, అందులో ఆత్మీయార్థం తీసుకోవాలి అంటే ఇళ్ళల్లో పెద్దలు కోప్పడుతున్నారు. ఏం చెప్పమంటారు?" అని. ఎవరు రాశారో నాకు తెలీదు గానీ, మంచి ప్రశ్నండి. యోనా అంటే నీనెవె పట్నానికి వెళ్ళి ప్రకటించమని దేవుడు పంపితే ఓడెక్కి పారిపోయిన ప్రవక్త. నేను వేరే ఏదో మాట్లాడదామని వచ్చాను. అది పక్కన పెట్టి దీని గురించే మాట్లాడతాను.

యోనా గ్రంథం అంతా కలిపి 48 వచనాలు. చేప కనబడేది అందులో 3 వచనాల్లోనే. మొదటి అధ్యాయం చివర మింగింది, రెండో అధ్యాయం మొదట్లో దాని కడుపులోంచి యోనా ప్రార్థన చేశాడు, ఆ అధ్యాయం చివర ఒడ్డున కక్కేసింది. అంతే. మిగతా 45 వచనాల్లో చేప ఊసే లేదు. ఇప్పుడు మన క్లాసులు చూడండి. గోడ మీద చేప బొమ్మ. రంగులు వెయ్యడానికి చేప బొమ్మ. వేసవి సెలవుల బైబిల్ క్లాసుల్లో, అదే వి.బి.ఎస్.లో, యాక్షన్ సాంగు చేప మీదే. పిల్లాడికి పదేళ్ళు వచ్చేసరికి యోనా అంటే చేప, చేప అంటే యోనా. మరి వాడు అడగడా, అంత పెద్ద చేప ఉంటుందా అని?

పెద్దవాళ్ళం చేసేదీ అదే. కొందరేమో ఏ జాతి తిమింగలం మనిషిని మింగగలదు, దాని గొంతు ఎంత వెడల్పు ఉంటుంది అని లెక్కలు తీస్తారు. ఇంకొందరు చేపంటే చేప కాదండీ, చేపంటే లోకం అనో, చేపంటే శ్రమ అనో విప్పుతారు. వాళ్ళూ వీళ్ళూ గంటలకొద్దీ వాదించుకుంటారు. ఇద్దరూ చేప దగ్గరే ఉండిపోతారు. నాలుగో అధ్యాయం దాకా ఎవరూ రారు.

నాలుగో అధ్యాయంలో ఏముందండి? మూడో అధ్యాయంలో నీనెవె వాళ్ళు మారుమనసు పొందారు, దేవుడు శిక్ష మానుకున్నాడు, అది చూసి ఇక్కడ యోనాకి కోపం వచ్చింది. ఎందుకొచ్చింది? నీనెవె అంటే అష్షూరు వాళ్ళ పట్నం. క్రీస్తుపూర్వం 722 ప్రాంతంలో ఇశ్రాయేలు రాజ్యపు రాజధాని షోమ్రోనుని పడగొట్టి అక్కడి జనాన్ని చెరపట్టుకుపోయింది ఆ అష్షూరు వాళ్ళే. ఆ పట్నం పేరు చెబితే యూదులకి ఒళ్ళు మండేది. అలాంటి ఊరిని దేవుడు క్షమించేశాడు. అప్పుడు యోనా ఏమంటున్నాడో చూడండి. నువ్వు జాలిగల దేవుడివని నాకు ముందే తెలుసు, అందుకే పారిపోయాను అంటున్నాడు. ప్రాణభయంతో పారిపోయాడని మనం పిల్లలకి చెబుతాం. ఆయనేమో దేవుడు నా శత్రువుని ఎక్కడ క్షమించేస్తాడో అని పారిపోయాను అంటున్నాడండి!

ఊరి బయట పందిరి వేసుకుని కూర్చున్నాడు, ఈ ఊరికి ఏమవుతుందో చూద్దామని. దేవుడు సొరచెట్టు మొలిపించాడు. నీడ వచ్చింది, యోనా సంతోషించాడు. మర్నాడు పురుగు తొలిచింది, చెట్టు వాడిపోయింది, నేను చచ్చిపోతే బాగుండును అన్నాడు. అప్పుడు దేవుడు అడుగుతాడు. నువ్వు నాటని చెట్టు, నువ్వు పెంచని చెట్టు, దాని కోసం ఇంత బాధపడుతున్నావే, కుడి ఎడమలు తెలియని 1,20,000 మంది, ఎన్నో పశువులు ఉన్న ఆ మహా పట్నం మీద నేను జాలిపడకూడదా? గ్రంథం అక్కడితో అయిపోయింది. యోనా జవాబు లేదు. పశువుల్ని కూడా లెక్కలో వేశాడు చూడండి దేవుడు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఇప్పటికీ నా గొంతు పూడుకుపోతుంది.

చేప సంగతి సూటిగా చెబుతాను. దేవుడికి చేపని పంపడం కష్టం కాదని నేను నమ్ముతాను. ఈ గ్రంథాన్ని జరిగిన చరిత్రగా చదివే భక్తులు ఉన్నారు. ప్రభువు చెప్పిన ఉపమానాల్లాంటి కథగా చదివే భక్తులూ ఉన్నారు. వీళ్ళలో ఎవర్నీ అవిశ్వాసి అనడానికి నాకు నోరు రాదు. కానీ చేపని అక్షరాలా నమ్మి, పక్క పేటవాణ్ణి క్షమించలేనివాడు యోనా గ్రంథాన్ని నమ్మినట్టు కాదండి. మత్తయి సువార్త పన్నెండో అధ్యాయంలో ప్రభువు చేప మాట ఒక్క వచనంలో చెప్పి, వెంటనే తర్వాతి వచనంలో నీనెవె వాళ్ళు లేచి ఈ తరం మీద నేరం మోపుతారన్నాడు. ఆయన చేప దగ్గర ఆగలేదు. పిల్లాడు అడిగినప్పుడు, "దేవుడికి సాధ్యమే నాన్నా, ఇప్పుడు నాలుగో అధ్యాయం చదువు, చదివి యోనా ఏం జవాబు చెప్పి ఉంటాడో వచ్చే ఆదివారం రాసుకురా" అనండి. వాళ్ళు రాసుకొచ్చేవి చదివితే మీరే ఆశ్చర్యపోతారు.

ఇక అసలు ప్రశ్న, అక్షరార్థమా ఆత్మీయార్థమా అనేది. ఇది మన కాలంలో సైన్సు వచ్చి తెచ్చిపెట్టిన గొడవ అనుకుంటారు చాలామంది. కాదండి, మొదటి శతాబ్దంలో అపొస్తలుడైన పౌలు కాలం నుంచీ ఉంది. గలతీయులకి రాసిన పత్రిక, అంటే ఉత్తరం, నాలుగో అధ్యాయంలో పౌలు అబ్రాహాము భార్య శారా, దాసి హాగరుల కథ తీసుకుని, ఈ ఇద్దరు స్త్రీలు రెండు నిబంధనలు అంటాడు. కొరింథీయులకి రాస్తూ, కళ్ళం తొక్కే ఎద్దు మూతికి చిక్కం పెట్టొద్దు అన్న ధర్మశాస్త్రం మాటని తీసుకెళ్ళి సువార్త పనివాళ్ళ జీవనానికి అన్వయిస్తాడు. తర్వాత అలెగ్జాండ్రియాలో ఓరిజెన్ అని గొప్ప పండితుడు, మూడో శతాబ్దం మనిషి, లేఖనానికి మనిషికి ఉన్నట్టే శరీరం, ప్రాణం, ఆత్మ ఉన్నాయి అన్నాడు. దేవుడు రైతులాగా తోట నాటాడంటే దాన్ని ఉన్నదున్నట్టు పట్టుకోవద్దు అన్నాడు. అంతియొకయ అనే ఇంకో పట్నం పండితులు ఒప్పుకోలేదు. మీ ఇష్టమొచ్చినట్టు అర్థాలు తీసుకుంటూపోతే అసలు జరిగిన సంగతే గాలికి పోతుంది అన్నారు. ఇద్దరూ ప్రభువుని ప్రేమించినవాళ్ళే.

మన డెల్టాకి వస్తే, 1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే బ్రదరెన్ శాఖ మిషనరీల కుటుంబాలు ఈ నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లోనే కాపురం పెట్టాయి. 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కడుతుంటే, అక్కడ రాళ్ళు మోసే కూలీల మధ్యకి వెళ్ళి ఈ కథలే చెప్పారు. ఆ బ్రదరెన్ వాళ్ళు లేఖనంలో ప్రతి మాటా నిజమని గట్టిగా పట్టుకునేవాళ్ళు. అదే బ్రదరెన్ బోధకులు మోషే కాలపు ఆరాధన డేరా, అదే ప్రత్యక్షపు గుడారం, దాని చార్టు గోడకి తగిలిస్తే, నీలం తెర పరలోకానికి, ఊదా రాజరికానికి, ఎరుపు రక్తానికి అని ప్రతి కొంకికీ ప్రతి దిమ్మకీ ఆత్మీయార్థం చెప్పేవాళ్ళు. మీలో చాలామంది ఆ చార్టు కింద కూర్చుని పెరిగినవాళ్ళే. కాబట్టి ఒకరిది అక్షరం, ఇంకొకరిది ఆత్మ అని మనుషుల్ని రెండు జట్లుగా చీల్చడం కుదరదు. అందరం రెండూ చేస్తాం. ఎక్కడ ఏది చేస్తున్నాం, ఎందుకు చేస్తున్నాం అన్నదే నా బాధ.

మంచి సమరయుడి కథ తీసుకోండి. దొంగలు కొట్టి దారిలో పడేసినవాణ్ణి ఒక సమరయుడు పూటకూళ్ళ ఇంటికి చేర్చి, డబ్బిచ్చి చూసుకోమన్న కథ. పాతకాలపు సంఘ పండితుడు అగస్టీన్ దాన్ని ఎలా విప్పాడంటే, దెబ్బలు తిన్నవాడు ఆదాము. యెరూషలేము పరలోక పట్నం. దొంగలు సాతాను, వాడి దూతలు. సమరయుడు క్రీస్తు. పూటకూళ్ళ ఇల్లు సంఘం. ఆ ఇంటివాడు అపొస్తలుడైన పౌలు. ఆ ఇంటివాడికి ఇచ్చిన రెండు దేనారాలు, అంటే నాణేలు, ప్రేమించమన్న రెండు ఆజ్ఞలు. వినడానికి ఎంత అందంగా ఉందో! మన కన్వెన్షన్లలో ఇప్పటికీ కొద్దిగా అటూ ఇటూగా ఇదే వినబడుతుంది. పదహారో శతాబ్దంలో సంఘ సంస్కర్త కాల్విన్ మాత్రం దీన్ని ఒప్పుకోలేదు, లేఖనాన్ని ఇంకాస్త గౌరవంగా చూడాలి అన్నాడు. అగస్టీన్ మీద నాకు ఎంత గౌరవం ఉన్నా, ఇక్కడ నేను కాల్విన్ వైపే. ఎందుకంటే ఆ కథ చివర ప్రభువు "నీవును వెళ్లి ఆలాగు చేయుము" అన్నాడు. సమరయుడు క్రీస్తు అయిపోయి, దెబ్బలు తిన్నవాడు ఆదాము అయిపోతే, ఇంక నేను చెయ్యడానికి ఏం మిగిలింది? ఆమేన్ అని ఇంటికి వెళ్ళడమే.

బావి దగ్గర ప్రభువుతో మాట్లాడిన సమరయ స్త్రీ కథా అంతే. యోహాను నాలుగో అధ్యాయం. జీవజలం మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. జీవజలం మాట ప్రభువే అన్నాడు, కాదనను. కానీ దానికంటే ముందు ఆయన ఏమన్నాడు? నాకు దాహానికి ఇమ్ము అన్నాడు. చేదుకోడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. ఇస్తే ఆవిడ కుండలోంచే ఇవ్వాలి, ఆయన ఆవిడ కుండ నీళ్ళే తాగాలి. యూదులు సమరయులతో సాంగత్యం చెయ్యరు అని యోహాను పక్కనే రాశాడు.

మా నాయనమ్మ చెప్పేది. మా ఊళ్ళో మంచినీళ్ళ చెరువుకి మెట్లున్నాయి, మా పేటవాళ్ళు ఆ మెట్లు దిగకూడదు. బిందె గట్టు కింద పెట్టి దూరంగా నిలబడాలి. ఊళ్ళోవాళ్ళు ఎవరికైనా దయ కలిగితే, వాళ్ళ బిందె మా బిందెకి తగలకుండా పైనుంచి ఎత్తి పోసేవాళ్ళు. సగం నీళ్ళు మట్టిలో పోయేవి. ఎండాకాలం మధ్యాహ్నం దాకా అలా నిలబడేదట. అలా నిలబడినావిడకి ఈ అధ్యాయం మొదటిసారి చదివి వినిపించినప్పుడు ఆవిడ జీవజలం గురించి అడగలేదండి. "ఆయన ఆవిడ చేతి నీళ్ళు అడిగాడా?" అని అడిగింది. మళ్ళీ చదవమంది. మా నాయనమ్మకి చదువు రాదు. ఆ కథని ఆవిడ అక్షరార్థంగా విన్నది, విని దేవుణ్ణి నమ్ముకుంది. మనం ఆ నీళ్ళని తొందరపడి ఆత్మీయం చేసేస్తే, ఇవాళ కూడా టీ కొట్టులో రెండో గ్లాసు పెట్టేవాడికీ, చర్చిలో కులం చూసి సంబంధం కలుపుకునేవాడికీ ఎంత సుఖంగా ఉంటుందో ఆలోచించండి. ఆ మాటకొస్తే ఒకే ఊళ్ళో ఒక పేటకొక చర్చి, ఒక పేటకొక సమాధుల దొడ్డి ఎందుకున్నాయి? ఈ అధ్యాయాన్ని మనం ఎలా చదువుతున్నామో అక్కడ కనబడుతుంది.

నాకు కనబడేది ఇదండి. మనకి ఖర్చు లేనిచోట అక్షరం పట్టుకుంటాం. ఖర్చయ్యేచోట ఆత్మీయం అంటాం. చేప ఎంత పొడుగైనా నాకు పైసా ఖర్చు లేదు, దాని కోసం పోట్లాడతాను. నోవహు ఓడ ఏ కొండ మీద ఉన్నా నాకు నష్టం లేదు, వీడియోలు చూసి చూసి పంచుతాను. లేవీయకాండం పంతొమ్మిదో అధ్యాయం కూలివాడి కూలి మర్నాటి వరకు నీ దగ్గర ఉంచుకోవద్దు అంటే మాత్రం, అది ధర్మశాస్త్రమండీ, మనం కృప కింద ఉన్నాం అంటాను. యాకోబు పత్రిక అయిదో అధ్యాయం కృప కింద రాసిందేగా! మీ చేలు కోసినవాళ్ళ బిగబట్టిన కూలి మొర పెడుతోంది అని ఉంది అందులో. రొయ్యల షెడ్డులో తెల్లవారుజాము నుంచి తలలు తీసే ఆడవాళ్ళని అడగండి, చలికి కొంకర్లు పోయిన వేళ్ళు చూపిస్తారు. వాళ్ళకి ఆ వచనంలో ఆత్మీయార్థం ఎవరూ చెప్పక్కర్లేదు.

నాబోతు కథ దగ్గర కాస్త ఎక్కువసేపు ఉంటాను, మన డెల్టాకి ఇంతకంటే దగ్గరి కథ బైబిల్లో లేదు. రాజులు మొదటి గ్రంథం, ఇరవై ఒకటో అధ్యాయం. నేను చిన్నప్పటి నుంచీ విన్న ప్రసంగం ఏంటంటే, ద్రాక్షతోట అంటే మన రక్షణ, దాని మీద కన్నేసిన అహాబు రాజు అంటే సాతాను, పిత్రార్జితాన్ని సాతానుకి అమ్ముకోవద్దు. ఇంక ఆ రాజు భార్య యెజెబెలు పేరు వస్తే, ఆడపిల్లల అలంకారం మీదకి పోతుంది. కాటుక పెట్టుకుందండి, తల దువ్వుకుందండి అని. అది రాజులు రెండో గ్రంథంలో ఆవిడ చావు నాటి సంగతి. ఆవిడ పాపం అది కాదు.

వచనం చదవండి. నీ తోట నా నగరుని ఆనుకుని ఉంది, కూరతోట వేసుకుంటాను, నాకివ్వు అంటాడు అహాబు. ఇంతకంటే మంచి తోట ఇస్తాను, లేదా రొక్కం ఇస్తాను అంటాడు. బేరం మర్యాదగానే మొదలైంది. నాబోతు, మా పెద్దల ఆస్తి, ఇవ్వను అన్నాడు. రాజు వెళ్ళి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు, అన్నం మానేశాడు. అప్పుడు యెజెబెలు రాజు పేరున కాగితాలు రాసి, రాజు ముద్ర వేసి, ఊరి పెద్దలకి పంపింది. ఉపవాసదినం చాటించింది. చూశారా, భక్తిని ముందు పెట్టింది! ఇద్దరు దొంగసాక్షుల్ని నిలబెట్టింది. దేవుణ్ణీ రాజునీ దూషించాడని నేరం మోపించింది. ఊరి బయటికి తీసుకెళ్ళి రాళ్ళతో చంపారు. పెద్దలున్నారు, సంతకాలున్నాయి, సాక్షులున్నారు, ప్రార్థన కూడా ఉంది. కాగితం మీద అంతా సక్రమమే. అయినా ప్రవక్త ఏలీయా వచ్చి, చంపి స్వాధీనం చేసుకున్నావు గదా అని రాజు మొహం మీద అడిగాడు.

చుట్టూ నాలుగు పక్కలా చెరువులు తవ్వేస్తే మధ్యలో వరి వేసుకునే అరెకరం రైతు పొలం ఉప్పెక్కిపోయి, చివరికి తనే వచ్చి లీజుకి ఇచ్చుకునే ఊళ్ళు మన పక్కనే ఉన్నాయి. ఆ రైతు మన ప్రార్థనలో కూర్చుని ఉంటాడు. చెరువు యజమానీ అదే ప్రార్థనలో కూర్చుని ఉండవచ్చు. అక్కడ నిలబడి నాబోతు తోట అంటే రక్షణ అని నేను చెబితే, ఇద్దరూ నాకు చెయ్యి కలిపి వెళతారు. కానీ నేను దేవుడి మాట చెప్పినట్టు కాదు.

అయితే అక్షరమే పట్టుకోండి అంటున్నానా? అదీ కాదండి. అక్షరం కూడా మనుషుల్ని చంపింది. ఆదికాండం తొమ్మిదో అధ్యాయంలో నోవహు కనానుని శపించిన మాట పట్టుకుని నల్లజాతివాళ్ళు బానిసలుగా పుట్టారని వందల ఏళ్ళు బోధించారు. నల్లజాతికి మూలపురుషుడని వాళ్ళు చెప్పింది నోవహు కొడుకు హాముని. అక్కడ శాపం హాము మీద కాదు, అతని కొడుకు కనాను మీద. పలికింది దేవుడు కాదు, మత్తు దిగిన నోవహు. అక్షరం పేరు చెప్పి అక్షరాన్నే సరిగ్గా చదవలేదు వాళ్ళు. యెహోషువ గ్రంథంలో ఊళ్ళకి ఊళ్ళు పసిపిల్లలతో సహా చంపిన కథల్ని ఓరిజెన్ లోపలి పాపాలతో చేసే యుద్ధంగా చదివాడు. ఆ కథలు మీ పిల్లలకి చెప్పాల్సి వస్తే మీరూ అలాగే చెప్పండి. ఇంకో మతంవాళ్ళ మీద కత్తి ఎత్తమని ఎవరూ వాటిని వాడుకోకూడదు.

మనకి దగ్గరి సంగతి, మందుల విషయం. విశ్వాససహితమైన ప్రార్థన రోగిని స్వస్థపరుస్తుంది అన్న వచనం పట్టుకుని షుగరు మాత్రలు, టీబీ మాత్రలు మానేసినవాళ్ళు మన సంఘాల్లో ఉన్నారు. ప్రాణాలు పోయాయండి. పౌలు తిమోతికి కడుపు జబ్బుకి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకో అని రాశాడు. లూకా వైద్యుడు. ఆ వచనాలు కూడా అక్షరాలే. మీ క్లాసులో పిల్లలు ఇంటికెళ్ళి అమ్మకి ఈ మాట చెప్పేలా చెప్పండి: ప్రార్థన చెయ్యండి, మాత్ర వేసుకోండి.

ఇంక వరద. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల దాకా వచ్చిన నీళ్ళు, లంకల్లో ఇళ్ళ మీదుగా పోయిన నీళ్ళు చూసినవాళ్ళు ఇక్కడ ఉన్నారు. 1996 నవంబరు తుపాను కోనసీమలో కొబ్బరిచెట్లని ఎలా విరిచేసిందో చూసినవాళ్ళూ ఉన్నారు. రెండుసార్లూ మైకు పట్టుకుని ఇది పాపానికి శిక్ష, నోవహు కాలం వచ్చింది అన్న బోధకులు ఉన్నారు. పోయినవాళ్ళ ఇళ్ళ ముందే అన్నారు. నోవహు కథని అక్షరాలా చదివినా ఆ మాట అనలేరండి, ఆ కథ ఆగేది ఇంకెప్పుడూ ఇలా చెయ్యను అన్న దేవుడి ఒట్టు దగ్గర. లూకా పదమూడులో సిలోయము గోపురం పడి చచ్చిన 18 మంది మిగతావాళ్ళ కంటే పాపులనుకుంటున్నారా, కాదు అని ప్రభువే చెప్పాడు.

ఆరు రోజుల సృష్టి గురించి ఎవరో పక్కనుంచి అడుగుతున్నారు. రెండు ముక్కల్లో చెబుతాను. నాలుగో రోజు గానీ సూర్యుడు లేడు, మరి ముందు మూడు రోజులు ఎలాంటి రోజులు అని అగస్టీన్ అయిదో శతాబ్దంలోనే తల పట్టుకున్నాడు. అప్పటికి డార్విన్ పుట్టడానికి 1,400 ఏళ్ళుంది. క్రైస్తవుడు ఆకాశం గురించీ భూమి గురించీ తెలియని మాటలు లేఖనం పేరుతో మాట్లాడితే, విన్నవాళ్ళు మన పునరుత్థానాన్ని ఎలా నమ్ముతారు అన్నాడాయన. యెహోషువ ప్రార్థనకి సూర్యుడు ఆగాడన్న వచనం, భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతోందన్న గెలీలియోకి ఎదురుగా నిలబెట్టారు. 1633లో ఆయన్ని శిక్షించారు, 1992లో పోప్ రెండో జాన్ పాల్ అది పొరపాటని ఒప్పుకున్నాడు. సైన్సు చదివే పిల్లల్ని క్లాసులోంచి బయటికి పంపకండి. అంతే నేను చెప్పేది.

పట్టాదారు పాసుపుస్తకాన్ని చదివినట్టు జోలపాటని చదవం గదండీ. సర్వే నంబరు చూసేచోట చందమామ దిగిరాడు, జోలపాటలో చందమామ దిగొచ్చినా తల్లి అబద్ధమాడిందని ఎవరూ అనరు. బైబిల్లో పాటలున్నాయి, చట్టాలున్నాయి, ఉత్తరాలున్నాయి, ఉపమానాలున్నాయి, సాక్ష్యాలున్నాయి. పాఠం మొదలుపెట్టే ముందు ఇది వాటిలో ఏది అని పిల్లల్నే అడగండి. ఆ తర్వాత, ఇది నన్ను ఏం చెయ్యమంటోంది అని మీరు మిమ్మల్ని అడగండి. రెండో ప్రశ్నకి జవాబు బరువుగా ఉంటే, ఆ వచనాన్ని ఆత్మీయం చెయ్యడానికి తొందరపడకండి.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, వెనక వరసలో అమ్మాయి, చెప్పమ్మా.

(ఒక టీచరు: అయితే అంకుల్, ప్రభువు సమాధిలోంచి లేవడం కూడా ఏ రకం రాత అని చూడాలా? అది కూడా ఆత్మీయమే అనేవాళ్ళున్నారు.)

చూడాలమ్మా, తప్పకుండా చూడాలి. చూస్తేనే తెలుస్తుంది. కొరింథు మొదటి పత్రిక పదిహేనో అధ్యాయం తియ్యి. అక్కడ పౌలు పాట పాడట్లేదు, ఉపమానం చెప్పట్లేదు. పేర్లు రాస్తున్నాడు. కేఫాకి, అంటే పేతురుకి, కనబడ్డాడు, పన్నెండుగురికి కనబడ్డాడు, 500 మందికి పైగా సహోదరులకి ఒక్కసారే కనబడ్డాడు, వాళ్ళలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారు అంటున్నాడు. బతికే ఉన్నారు అని ఎందుకు రాస్తారమ్మా ఎవరైనా? వెళ్ళి అడుక్కోమనే గదా. తర్వాత యాకోబుకి కనబడ్డాడు, చివరికి నాకూ కనబడ్డాడు అంటాడు. క్రీస్తు లేవకపోతే మా ప్రకటన వ్యర్థం, మీ విశ్వాసం వ్యర్థం అని తనే రాసుకున్నాడు. ఇది సాక్షి చెప్పే మాట. దీన్ని ఆత్మీయార్థం అనేవాడు పౌలుని చదవలేదు. నేను దీన్ని ఉన్నదున్నట్టే నమ్ముతాను, దీని మీదే నా బతుకు పెట్టుకున్నాను. నీ క్లాసులో పిల్లలకి ఆ పేర్లు వరసగా బోర్డు మీద రాయించమ్మా. కేఫా దగ్గర మొదలుపెట్టి పౌలు దాకా.